ముప్పయ్యో భాగం

ఒక్కపొద్దు విడిచి, ఖర్జూరం గింజలు ఎత్తేసినాక
జాబ్రియాలో ఈ ఇంటి పెద్ద హాల్లో
టీవీ ముందర పదకొండు మంది.
పన్నెండోదాన్ని నేను, తలుపు కాడ,
చాయ్ గ్లాసుల ట్రే పట్టుకోని.

ఈ నెలంతా ఒకటే సీరియల్, నవ్వులది.
అందులోనూ ఒక పనిమనిషి ఉండాది, పేరు లత.
ఈ ఊరి ఆడమనిషే. మొగానికి నల్లరంగు పూసుకోని
నూనె కారే జడ పెట్టుకోని
మన మాదిరి నడుస్తాది. అంటే,
మనం అట్ల నడుస్తామని వాళ్లు అనుకున్న మాదిరి.
ఏం అడిగినా ఒకటే మాట:
"మాలూమ్ మాఫీ, మామా."
తెలీదమ్మా, అని.
ఆ మాట పడితే చాలు హాలు హాలంతా పగలబడతాది.
ఏడేండ్ల నాసర్ సోఫా మింద నుంచి దొర్లి వచ్చి
నా గౌను పట్టి గుంజి మళ్లీ అదే మాట అంటాడు.
నేనూ నవ్వతా. అబద్ధమెందుకు,
కొన్నిసార్లు నిజంగానే నవ్వొస్తాది,
ముసలాయన పండ్లసెట్టు
ఐసుముక్కల్లో తేలినప్పుడు.

మొదటి రాత్రి నుంచి ఆ ఇంట్లో ఒక బంగారు గాజు కనపడదు.
ఇరవై తొమ్మిది రాత్రులు దాన్నే ఎతికినారు.
మేక మింగిందని ఒకరు, వంటోడు మింగినాడని ఒకరు,
ఇద్దరికీ ఎక్స్‌రే తీయించడం గూడా అయింది.

ఈ రాత్రి ఆఖరుది. రేపు పండగ.
ఐదు నిమిషాలకే, డింగుడింగుమనే ఆ పాట
ఎవరో గొంతు పట్టుకున్నట్ల నిలిచిపోయింది.
లత పెట్టె మంచం మింద బోర్లించినారు.
రెండు చీరలు, ఒక దువ్వెన,
మందుసీసా మూతలో కూతురి పాలపండ్లు.
లత ఏడ్చింది.
ఏడ్చేటప్పుడు ఆమె యాస పోయింది.
వార్తలు చదివేవాళ్ల అరబీలో
"నేను తీయలేదు" అనింది.
చెంప మింద రంగు కరిగి తెల్లగా ఒక గీత.
మాకు ఏడుపొస్తే
వచ్చిన నాలుగు అరబీ మాటలు గూడా పోతాయి.

హాల్లో సప్పుడు లేదు.
గింజలు కొరికే పండ్లు ఆగినాయి.
మామా నా పక్క చూసి
గబుక్కున టిష్యూ డబ్బా పక్క చూసింది.
పోయినేడు ఉంగరం కనపడనప్పుడు
నా పెట్టె గూడా అట్లే బోర్లించింది.
ఉంగరం కారులో దొరికిందంట.
ఆ సంగతి నాకు డ్రైవర్ చెప్పినాడు.

టీవీలో విమానం లేచిపోయింది.
గాజు సోఫా సందులో దొరికింది, చిన్నకొడుకు చేతికి.
ముసలాయన అలవాటుగా "లతా, చాయ్" అన్నాడు.
వాకిలి ఖాళీగా చూపించి పేర్లు వేసేసినారు.

"వచ్చే రంజానుకు లత వస్తాదా?"
నాసర్ అడిగింది వాళ్లమ్మను కాదు, నన్ను.
నోట్లో ఏముంటే అదే వచ్చింది నాకు:
"మాలూమ్ మాఫీ, బాబా."
ముప్పై రాత్రుల్లో మొదటిసారి
ఆ మాటకు ఎవరూ నవ్వలేదు.
చాయ్ మాత్రం
అందరూ ఇంకోసారి పోయించుకున్నారు.

గ్లాసులు కడిగేసరికి ఒంటిగంట.
మదనపల్లెలో మా చెల్లెలు గంగులమ్మ అప్పటికే
మండీలో టమాటాలు ఏరతా ఉంటాది, చెవిలో ఫోను వైరుతో.
నెలంతా దానికి ఈ కథ చెప్పినా.
నేను చెప్పే కథలో లతకు అన్నీ తెలుసు,
ఆటకోసం తెలీదంటాది, అంతే.

"గాజు దొరికిందా, మే?"
"దొరికింది."
"ఎవరికి?"
పుచ్చుకాయ ఒకటి గంపలో నుంచి తీసి పారేసిన సప్పుడు.
"లతకే," అన్నా.
"నాకు ముందే తెలుసు," అనింది.

అబద్ధమే చెప్పినా. కానీ
మీరే చెప్పండి,
పొద్దున్నే సోఫా దులిపేది ఎవరు, ఆ ఇంట్లో?