తొమ్మిది మీటర్లు

కొర్లగుంటలో మా మేడ మీద
కైటు పరిచి చూస్తున్నాను.
తొమ్మిది మీటర్లది.
ఒక రెక్క సులోచనమ్మగారి వడియాల మీదికి పోయింది.
కొండ మీంచి దిగిన గాలి
ఒకసారి ఎత్తి, మాట మార్చి, దించేసింది.

నా బరువు యాభై నాలుగు కిలోలు.
ఈ లెక్కకి ఏడు కావాలంటాడు అమ్మేవాడు.
గాలి పలచనైతే పన్నెండు.
బోర్డు కింద ఫాయిల్ బిగిస్తే
ఐదుతోనే నీళ్లు వదిలి లేస్తావంటాడు.
అన్నీ కొనాలంటే స్కూటీ అమ్మాలి.
స్కూటీ అమ్మేస్తే
తూపిలిపాళెం ఎట్లా పోయేది?

అక్కడ ఒడ్డున ఆర్ముగం.
ఆయన పడవకి ఒకటే తెరచాప.
చిరిగినచోటల్లా ఫ్లెక్సీ ముక్కల అతుకులు,
ఒక అతుకులో ఎవరిదో సగం మీసం,
కింద "జన్మదిన శుభా" వరకే.

గాలి పెరిగితే? అన్నాను.
"సగం చుడతా."
తగ్గితే?
"బీడీ తాగతా."
వల విదిలించి మళ్లీ అన్నాడు:
"పూటకో గుడ్డ మార్చేదానికి
నేనేమన్నా పెళ్లికూతురినా మే?
గుడ్డకి సరిపడే గాలి ఎప్పుడొస్తాదో
ఆ పూటకి లేస్తా."
ఇసకలో కాలి వేలితో గీత గీసినాడు.
పడవ నీడ అక్కడికొచ్చే వేళకి
పైరగాలి.

రాత్రి ల్యాబ్‌లో
రక్తం గొట్టాలు తిప్పే మిషన్ పక్కన
అర్జీ రాశాను.
మంగళ, శుక్రవారాలు
నాకు రాత్రి డ్యూటీ వేయగలరు.
కారణం అన్నచోట
చాలాసేపు పెన్ను ఆగింది.
తొమ్మిది, అని రాశాను.