ఎన్ని అడుగులకు పడింది?

మా ఆయన దస్తగిరిది
కళ్యాణదుర్గంలో పైపుల అంగడి.
ఈ ఏడు టార్గెట్ దాటినాడని కంపెనీ వాళ్లు
పెద్ద ఓడలో మూడు రాత్రులు రాసిచ్చిరి,
నలుగురికి, తిండీ పడకా అన్నీ కలిపి.

టార్గెట్ అంటే ఏందో నాకు తెలుసు, బిల్లులు రాసేది నేనే.
నీళ్లు పడిన బోరు ఒకసారి పైపు అడిగి ఊరుకుంటాది.
పడని బోరు
పక్కనే ఇంకోదాన్ని కంటాది.

బయల్దేరే పొద్దు తిప్పేస్వామి బస్టాండులో ఎదురాయె.
నాలుగు బోర్లేసినాడు, నాలుగుట్లో దుమ్మే.
మా బాకీల పుస్తకంలో అతనికి రెండు పేజీలు.
"సముద్రం ఎట్లుంటాదో నా కోసరం గూడా చూసి రాన్నా" అనె.
మా ఆయన తలకాయ ఊపె గానీ
బస్సు ధర్మవరం దాటేదాకా నోరు తెరవలే.

మద్రాసు రేవులో ఓడను చూసి
మా అత్త మాబున్ని చెప్పులు విడిచె.
"ఇది ఓడ యాడిదే, కలెక్టరాఫీసు!"
పదకొండు అంతస్తులు.
లోపల లిఫ్టులు, అద్దాలు, పియానో వాయించే ఆయప్ప,
పొద్దున నాలుగు రకాల రొట్టె.
ఊరగాయ మేమే తీస్కపోయింటిమి.

గదిలో బకెట్ లేదు, చెంబు లేదు.
పైనుంచి నీళ్లు కురుస్తాయి, కింద తూములోకి పోతాయి.
"యాడికి పోతాయవి?" అత్త తలుపు సందులోంచి అడిగె.
యాడికో పోతాయి లేమ్మా.
"చెట్టుకా చేమకా? ఉత్తపుణ్యానికేనా?"
పండ్లు తోముకునే గ్లాసుతో మూడు గ్లాసులు పోసుకొని
స్నానమైందని వచ్చేసె.

సముద్రపు నీళ్లకే ఉప్పు తీసి కొళాయిలకు ఇడుస్తారని
గది ఊడ్చే మణిపూర్ పిల్లోడు సైగలతో చెప్పె.
అత్తకు నమ్మకం కుదరలే.
"ఎన్ని అడుగులకు పడింది నాయనా?"
ఓడ పొడుగు అడిగిందనుకున్యాడేమో,
ఏడు వందలు అనె వాడు.
అత్త కాసేపు ఆలోచించి,
"పర్వాలేదు, మనకంటే నయమే."

పర్వీను పైన ఈత తొట్టిలో దిగితే మళ్లా ఎక్కలే.
సముద్రం మీద తొట్టి, తొట్టిలో పిల్ల,
సాయంత్రం ముడతలు పడిన వేళ్లు తెచ్చి
"మా, జేజి చేతులు" అని చూపిచ్చె.

మా ఆయన మాత్రం కడ్డీ పట్టుకొని నిలబడి ఉండె.
ఫోనుకు సిగ్నల్ లేదు.
పైపు అడిగేవాళ్లు లేని రెండు దినాలు
పెండ్లైన పదహారేండ్లలో అవే.
రాత్రి ఇంజను గుర్రుమని మంచం సన్నగా అదురుతాంటే
నిద్రలోనే అనె,
"ఎవుని చేన్లోనో రిగ్గు నడస్తాంది."
పండుకో, ఇది సముద్రం అంటి.
"ఐతే పడతాయిలే" అని పక్కకు తిరిగె.

గుత్తిలో రైలు దిగితిమి.
ఎండ మొకాన కొట్టె, తెలిసినోళ్ల మాదిరి.
ఓడలో ఇచ్చిన చిన్న చిన్న సబ్బులు
అత్త కొంగున పదకొండు, అంతస్తుకొకటి.

మర్సటి దినం అంగట్లో తిప్పేస్వామి.
ఐదో బోరు.
ఫోటోలు అన్నీ చూసె, వేలితో జరుపుకుంటా,
నీళ్లున్న చోట ఆగి ఆగి.
"ఎట్లుందన్నా?"
మా ఆయన గొంతు సవరించుకొని,
"ఉప్పు స్వామీ. కండ్లారా చూడాల్సిందే గానీ నోట పెట్టలేం" అనె.
అతను నవ్వె.
"ఉప్పైతే ఉప్పు. తడి ఉంటాది గదా."

నేను బిల్లు రాస్తి. కేసింగ్, అరవై అడుగులు.
పాత బాకీ అని రాయబోతే
మా ఆయన పుస్తకం మీద చెయ్యి పెట్టె, తియ్యలే.

నీలం పైపులు ఆటో పైకెత్తి తాళ్లతో కట్టిరి.
కొసకు ఎర్రగుడ్డ.
రాయదుర్గం రోడ్డు మలుపు తిరిగేదాకా
అది ఊగుతానే ఉండె.