ఈల

టెక్కలి దాటాక మెళియాపుట్టి రోడ్డులో
ఎడమ చేతివైపు కొండ ఒకటి సగమే ఉంటుంది.
మిగతా సగం నీలిరాయై
లారీలెక్కి, ఓడలెక్కి పోయింది.
మేనేజరు ఒకసారి ఫోనులో చూపించాడు:
ఎక్కడిదో పచ్చిక, మంచు,
వరసగా మన కొండ ముక్కలు,
ఒక్కోదాని మీద ఒక పేరు, రెండు తారీఖులు.

"ఏటి బావూ, మనం కోసీది సమాదులేటి?"
అని నవ్వినవాడు తవిటయ్య.
నవ్వితే పళ్ళ సందుల్లో రాతిపొడి కనపడేది.

ఆ క్వారీకి నేను మేట్‌ని.
దిమ్మ లేస్తే ఒక ఈల,
మందు పేలే ముందు మూడు,
కింద మనిషుంటే
ఆగకుండా.
ఊపిరికి జీతం తీసుకునేవాణ్ణి.

ఆ మంగళవారం పొద్దున
క్రేను ఇనపతాడులో మూడు పోగులు తెగి
దువ్వెనకి లొంగని వెంట్రుకల్లా లేచి ఉన్నాయి.
చూశాను.
పోలీసులకి చెప్పలేదు,
లేబరు ఆఫీసరుకి చెప్పలేదు,
ఇక్కడ చెబుతున్నాను, చూశాను.
విశాఖ రేవులో ఓడ మనకోసం ఆగదన్నారు.
"ఈ ఒక్క దిమ్మ" అన్నాను.

దిమ్మ లేచింది.
మనిషెత్తు. రెండు మనిషెత్తులు.
కింద గొలుసు సర్దుతూ తవిటయ్య,
పక్కన దండాసి, ఒరిస్సా కుర్రాడు,
పనిలో చేరి పదకొండు రోజులు.
ఈల నా పళ్ళ మధ్యనే ఉంది.
ఊదాననే అనుకున్నాను చాలాకాలం.

మర్నాడు పసుపు హెల్మెట్లు దిగాయి,
ధర చీటీలైనా పీకలేదు.
తనిఖీ జీపు మలుపు తిరిగాక
సగం మళ్ళీ స్టోరులోకి వెళ్ళాయి.
కాగితంలో "కార్మికుల అజాగ్రత్త" అని రాసి ఉంది.
అజాగ్రత్త! దండాసి రోజూ
చెప్పులు విడిచి, రాయికి దణ్ణం పెట్టి,
మళ్ళీ తొడుక్కునేవాడు.
పర్లాకిమిడి నుంచి వాళ్ళన్న వచ్చి
ఒక చెప్పు పట్టుకెళ్ళాడు.
రెండోది దొరకలేదు.

తవిటయ్య ఆడమనిషి అసిరి
క్యారేజీ కోసం వచ్చింది.
అడుగు గిన్నెలో చోడి అంబలి అలాగే ఉంది, పులిసి.
"తాడు ఖరీదెంత?" అనడిగింది.
చెప్పాను.
వేళ్ళ మీద లెక్కేసుకుంది.
"ముందే సెప్తే రెండు మేకలమ్మి
కొనిచ్చీదాన్ని గదా బావూ."

ఆవిడ వెళ్ళిన దారి వైపు చూడకుండా
ఏడాది పనిచేశాను.

గేటు దగ్గర ఒక దిమ్మ పడి ఉండేది.
నెర్రె విచ్చిన రాయి ఓడెక్కదు.
ఒక ఆదివారం డ్రిల్లు పట్టుకెళ్ళి
దాని మీద రెండు పేర్లు తొలిచాం,
వంకరగా, దండాసి ఇంటిపేరు తెలీక ఖాళీ వదిలి.
తర్వాత ఒక్కొక్కరూ వచ్చి
పాత పేర్లు చెప్పడం మొదలెట్టారు:
మందు ఆలస్యంగా పేలి పోయినవాడు,
వానలో చరియ కింద పోయిన అక్కాచెల్లెళ్ళు.
కూర్మయ్య పేరు దగ్గర గొడవైంది.
అతను పోయింది ఇంట్లో, మంచం మీద, దగ్గుతూ.
ఎర్రన్న లేచి అన్నాడు:
"ఆడు పనిలోంచి ఇంటికొచ్చీసినాడు గానీ
పని ఆడిలోంచి రానేదు."
చెక్కాం.

ఇప్పుడు కొత్తగా చేరిన వాళ్ళని
ముందు ఆ రాయి దగ్గరికి తీసుకెళ్తాను.
చదువురాని వాళ్ళ వేలు పట్టుకుని
అక్షరాల గాడిలో నడిపిస్తాను.
ఆపైన తాడు దగ్గరికి.
చేత్తో తడమమంటాను, మూర మూరా.

మొన్న పంతొమ్మిదేళ్ళ కుర్రాడు
తాడు మధ్యలో చెయ్యి ఆపాడు.
"మేట్‌గారూ, ఇక్కడ గుచ్చుకుంది."
వేలి కొసన చిన్న రక్తపు చుక్క.

ఊదాను. ఆగకుండా.
క్రేను ఆగింది, కంప్రెసరు ఆగింది,
మేనేజరు వాచీ చూసుకున్నాడు.
ఇంకా ఊదుతూనే ఉన్నాను,
కుర్రాడొచ్చి నా చెయ్యి పట్టుకునేదాకా.

ఓడ వెళ్ళిందో ఆగిందో నాకు తెలీదు.
సాయంత్రం గేటు దగ్గర నిలబడి
సైకిళ్ళకి వేలాడే ఖాళీ క్యారేజీలు లెక్కపెట్టాను.
పొద్దున్న ఎన్ని వచ్చాయో
అన్నీ, గలగలమంటూ,
రోడ్డెక్కాయి.