బెర్మెత్ గుంత

పదకొండేళ్లుగా ఈ కొండదారిలో
పొద్దున నారిన్ బజారుకి దిగి, మాపటికి ఎక్కే
పద్నాలుగు సీట్ల వ్యాను నాది.
దారిని నేను కళ్లతో చూడను,
నడుముతో చదువుతాను.

గుంతలన్నిటికీ పేర్లున్నాయి.
వాగు మలుపులో ఉన్నది గుడ్లబుట్ట.
తోల్గోనాయ్ సంతకి తెస్తున్న అరవై గుడ్లు
అక్కడే ఆమె ఒళ్లో సొనయిపోయాయి.
దాని తరవాతిది కట్టుడుపళ్లు. ఎవరివో చెప్పను,
ఆయన ఇంకా బతికే ఉన్నాడు, నా బండే ఎక్కుతాడు.
మూడోది, అన్నిట్లోకీ లోతైనది, బెర్మెత్.
తొమ్మిదేళ్ల కింద ఒక మార్చి రాత్రి
ఆసుపత్రి ఇంకా నలభై కిలోమీటర్లుండగా
ఆ కుదుపుకి పుట్టేసింది పిల్ల
నా వెనక సీట్లో, నా కోటు మీద.
కోటు మరక పోలేదు. పోవాలని నేనూ ఉతకలేదు.

ఈ వసంతంలో మంచు కరిగి
వాగు అడ్డదారిన వచ్చి
రోడ్డుని సగం కొరుక్కుతింది.
జిల్లా ఆఫీసు నుంచి జవాబొచ్చింది:
మీ రోడ్డు మా జాబితాలో లేదు.
లేని రోడ్డు మీద
ఇన్నాళ్లూ ఎవరి ఎముకలు కదిలాయో మరి!

లెక్కల మాస్టారు సాదిర్‌బెక్
దుకాణం తలుపుకి కాగితం అంటించాడు:
శనివారం అషార్.
ఆ ఒక్క మాట చాలు మా లోయలో.
కూలి ఎవరూ అడగరు.
రాకపోతే ఎవరూ ఏమీ అనరు.
ఆ ఏమీ అనకపోవడమే మోయలేం.

పలుగులొచ్చాయి, పారలొచ్చాయి,
గాడిదల మీద కంకర సంచులొచ్చాయి.
చక్రం లేని తోపుడుబండి ఒకటి
ఇద్దరి భుజాల మీద పల్లకీలా వచ్చింది.
జాపార్ దగ్గర ముసలి కమాజ్ లారీ ఉంది, డీజిల్ లేదు.
డీజిల్ ఉన్న ఎసెన్‌కుల్‌కి
జాపార్‌తో మూడేళ్లుగా మాటల్లేవు, కాలవ నీళ్ల తగాదా.
పదింటిదాకా లారీ ఒక పక్క, డబ్బా ఒక పక్క
ఎండలో ఎదురెదురుగా నిలబడ్డాయి.
తోల్గోనాయే లేచి, కొంగున చేతులు తుడుచుకుని,
డబ్బా ఎత్తి ట్యాంకులో ఒంపేసింది.
వాళ్లు మాట్లాడుకోలేదు. ఇప్పటికీ మాట్లాడుకోరు.
కానీ ఆ రోజు పదకొండు ట్రిప్పులు
ఒకడు నింపాడు, ఒకడు తోలాడు.

మధ్యాహ్నం సమోవర్ పొగ,
పాలుపోసిన టీ, వేయించిన బోర్సోక్ ముక్కలు.
ముసలి బాత్మా అరచేతులు ముఖానికి తాకించుకుని దీవించింది:
"ముందు ఈ మగాళ్లకి బుద్ధి,
ఆ తరవాతే రోడ్డుకి గట్టితనం."

మూడో గుంతకి వచ్చేసరికి పొద్దు వాలింది.
బెర్మెత్ స్కూలు సంచిలో పుస్తకాలు తీసేసి
రాళ్లు నింపుకొచ్చింది.
అంచున నిలబడి అడిగింది:
"దీన్ని పూడ్చేస్తే నా పేరెక్కడికి పోతుంది?"
పారలు ఆగిపోయాయి.
ఎవరో నవ్వారు. పిల్ల నవ్వలేదు.
లెక్కల మాస్టారికీ లెక్క తేలలేదు.
అడుగున నీ రాయే ముందు వెయ్యి, అన్నాను,
ఇంకేం అనాలో తెలీక.
వేసింది. చప్పుడు పైకొచ్చేదాకా వంగి విన్నది.
తరవాత మేం దిమ్మిస కొట్టాం, చీకటి పడేదాకా.

ఇప్పుడక్కడ గుంత లేదు.
గొర్రెల మేతకి పోయేవాళ్లు మాత్రం
ఇంకా అంటూనే ఉన్నారు:
"బెర్మెత్ దగ్గర కాస్త ఆపమ్మా."
ఆపుతాను. పిల్ల కిటికీలోంచి
ఏమీ విననట్టు బయటికి చూస్తుంది.

నిన్న రాత్రి ఖాళీ దారి, వెన్నెల.
ఆ చోటికి రాగానే నా చెయ్యి
స్టీరింగుని ఎడమకి తిప్పేసింది.
చదునైన నేల మీద
లేని గుంతని తప్పించుకుంటూ
వ్యాను ఒక పెద్ద వంపు తిరిగింది.
సిగ్గేసి అద్దంలో చూశాను.
వెనక సీట్లో కట్టుడుపళ్ల పెద్దాయన
అప్పటికే
నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.