బెండు పడుకున్నప్పుడు

ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ దిగి
బాజీ మామ ఇంటికి పోడు.
సైకిలుకి వెదురు దోటి కట్టుకుని
సింగ్‌నగర్ వెనక బుడమేరు గట్టుకి పోతాడు.
వెనక క్యారేజీ మీద నేను,
నా ఒళ్ళో ఎర్రల డబ్బా.

జనవరి. మంచులో ఫ్లైఓవరు సగమే ఉంది.
ఏరు అసలే లేదు.
ఈ గట్టు నుంచి ఆ గట్టుకి గుర్రపుడెక్క,
కుక్క నడిచిపోయేంత మందం.
"నీళ్ళేవి మామా?" అంటే
"కింద" అన్నాడు.

దోటి కొసన కొడవలి.
ఒకటే చుట్టు కోస్తాడు, అన్నం పళ్ళెమంత.
కోసిన దుబ్బుని లాగి పక్కన పడేస్తే
నల్లగా ఒక కన్ను తెరుచుకుంటుంది.
అప్పుడే గాలం వెయ్యడు.
బీడీ ఒకటి అయ్యేదాకా ఆగుతాడు.
పైకప్పు పీకినాక
ఇంట్లోవాళ్ళు కుదురుకోవాలి గదా.

తంగూసు వెంట్రుకంత సన్నం.
సీసం గుండు మినపగింజంత.
జీలుగ బెండు చిటికెనవేలి గోరంత.
"లావు సరంజామా ఎండాకాలానికి రా.
చలికి చేప ఒళ్ళు బద్ధకం.
ఎర దాని నోటి దగ్గరికే వెళ్ళి
మర్యాదగా అడగాలి."

ముందు అడుగు తగిలేదాకా వదిలి
మూరెడు పైకి లాగుతాడు. కాసేపు.
ఇంకో బెత్తెడు. కాసేపు.
చైనా గురక నేలచూపుల జీవి కాదట,
నెత్తిమీద కదిలేదాన్నే నమ్ముతుందట.
"దాని కళ్ళకి పైన పెట్టు. కింద పెట్టావో,
ముష్టి వేసినట్టే, చూడను కూడా చూడదు."
ఊపడు. వణికిస్తాడు,
వానపాముకి చలేసినంత.

ఫోనులో ఒకరోజు చూపించా:
ఏదో దేశం, చెరువు చెరువంతా గడ్డకట్టింది,
దానికి బరమాతో బెజ్జం వేసి
స్టూళ్ళేసుకుని కూర్చున్నారు కొందరు,
టోపీలు చెవులదాకా లాక్కుని.
మామ రెండుసార్లు చూశాడు.
"మన లెక్కన ఎన్ని లక్షల దిమ్మెలో" అన్నాడు ముందు.
తర్వాత చాలాసేపు నవ్వాడు:
"ముప్పై ఏళ్ళు చేప మీద ఐసు పోశాను రా,
ఐసు కింద చేపని వెతికేవాళ్ళూ ఉన్నారన్నమాట!"

ఆ ముప్పై ఏళ్ళే ఆయన వేళ్ళు తిన్నాయి.
ఉప్పునీళ్ళ తొట్లు, ఇనప డబ్బాలు,
తెల్లారగట్ల దిమ్మెలు లాగే కొక్కెం.
కుడిచేతి మూడు వేళ్ళకి
టీ గ్లాసు కాలినా తెలీదు.
అందుకే తంగూసుని
కింది పెదవికి ఆనించి పట్టుకుంటాడు.
చేప ఊపిరి పీల్చినా
అక్కడికి కబురొస్తుందట.
పైనొక పెదవి, కిందొక పెదవి,
మధ్యన రెండు బారల తంగూసు.

"బెండు మునిగిందనుకో, గట్టు మీది కుక్కకీ తెలుస్తుంది.
పడుకున్నప్పుడు చూడాలి."
చేప ఎరని కింద నుంచి ఎత్తుకుందంటే
గుండు బరువు తగ్గి
నిలబడ్డ బెండు మెల్లగా ఒరిగిపోతుంది,
నిద్రొచ్చిన పిల్లాడిలా.
నాకు పదిసార్లలో రెండుసార్లు కనిపిస్తుంది.
ఆయన అప్పటికే మణికట్టు తిప్పేసుంటాడు.
గుంజడు. "మూతి చీరితే చేప పోతుంది.
పోయి ఊరుకోదు, లోపల అందరికీ చెబుతుంది."

ఈరోజు ఏడు గురకలు, ఒక మట్టగిడస.
మట్టగిడసని తడిచేత్తో వదిలేశాడు, ఎందుకో చెప్పలేదు.
ఫ్యాక్టరీ నుంచి రుమాల్లో తెచ్చిన ఐసుముక్క
సంచిలో సగం కరిగింది.
గుర్రపుడెక్క జరుగుతోంది.
పళ్ళెం గిన్నెయింది, గిన్నె గరిటెయింది.

"పట్టు" అని గాలం నా చేతికిచ్చి
సైకిలు గాలి చూడ్డానికి వెళ్ళాడు.
చుట్టూ ఎవరూ లేరు గదాని
తంగూసుని పెదవికి ఆనించా.
చల్లగా ఉంది. మామ బీడీ వాసన.
ఇంకేమీ లేదు.
ఇంకేమీ లేదు.
ఉంది.