పదిహేడో నంబరు

మునిసిపల్ ఆఫీసు రికార్డు గదిలో
చెదలు సగం తిన్న పుస్తకంలో
మా ఇల్లు ఒక పేరా.
ముప్పై నాలుగో సంవత్సరం, నెల్లూరు,
పాకీ పనివాళ్ళకి ఇరవై నాలుగు ఇళ్ళు, పెంకు కప్పు, సున్నపు గచ్చు.
ఒక మెంబరు వరండా అడిగాడు.
ఎటూ వాళ్ళు ఆరుబయటే పడుకుంటారు గదా, అన్నాడు ఇంకొకాయన.
చేతులెత్తించి లెక్కపెట్టారు.
వరండా ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయింది.

అంతకుముందు మావాళ్ళుండింది పెన్న గట్టున,
ఒంగితే తప్ప దూరలేని తాటాకు పాకల్లో.
ఏరు పొంగినప్పుడల్లా మా అవ్వ మస్తానమ్మ
ఇంటిని విప్పి, చుట్టగట్టి, నెత్తిన పెట్టుకుని గట్టెక్కేది.
"ఇల్లంటే అప్పుడు మోసేదిరా, ఉండేది కాదు."

ఇళ్ళు తెరిచిన రోజు
ఓవర్సీరు తలుపుల మీద తారుతో నంబర్లేయించాడు.
చైర్మన్‌గారు రిబ్బను కత్తిరించి
గాలీ వెలుతురూ మనిషి హక్కన్నారు,
ఇవతల నించే లోపలికి తొంగిచూశారు.
ఆయన పంచె అంచు గడపని తాకలేదు.
తాత పోలయ్య అలవాటు కొద్దీ
తల వంచుకుని దూరాడు.
తగలడానికి పైన ఏమీ లేదని తెలిసి
బయటికొచ్చి,
తలెత్తుకుని మళ్ళీ ఇంకోసారి లోపలికి నడిచాడు.
ఈ మాట చెప్పేటప్పుడు అవ్వ
మోకాళ్ళు పట్టుకుని లేచి
నడిచి చూపించేది.

కిటికీ ఒకటే, పడమటి గోడకి.
ప్లాను కాగితం మీద దాని పేరు గాలి.
గోడ అవతల నూరు గజాల్లో
తెల్లారకముందే తాత బండి ఒంపొచ్చే గుంటలు.
వైశాఖంలో పడమటి గాలి లేచిందంటే
ఊరు మొత్తం తిరిగి మా ఇంట్లోకే వచ్చేది.
అవ్వ గోనెసంచి కుక్కింది.
శానిటరీ ఇన్‌స్పెక్టరు పీకించాడు,
గాలొద్దా నీకని నాలుగణాలు జుల్మానా రాశాడు,
జేబురుమాలు ముక్కు మీంచి తీయకుండానే.

జీతం తొమ్మిది రూపాయలు.
బాడుగ పన్నెండణాలు, చేతికి రాకముందే కోత.
అయినా,
"తొలి వానకి నిద్ర పట్టలా మాకు.
పెంకుల మీద చప్పుడు వింటా కూచున్నాం తెల్లార్లూ,
మీద పడని వాన ఎట్టుంటదో చూద్దామని."

ముప్పై ఎనిమిదిలో కలరా తాతని తీసుకుపోయింది.
దినాలు తీరకముందే తలుపుకి కాగితం అంటించారు.
వీధిదీపాలు వెలిగించే హుస్సేన్ పీరా
నిచ్చెన దించి, చదివి పెట్టాడు:
పనిలో ఉన్నోళ్ళకే ఇల్లు. పదిహేను రోజులు గడువు.

అవ్వ అప్పటిదాకా సంతపేటలో పచ్చగడ్డి అమ్మేది.
నీ చేత ఆ తట్ట పట్టించనని
పెళ్ళిలో తాత అందరి ముందూ ఒట్టేశాడు.
పద్నాలుగో రోజు పొద్దున
ఆఫీసు మెట్ల కింద నిలబడి
రోల్లో ఆయన పేరు కొట్టి నా పేరెక్కించండి, అంది.
గుమాస్తా తలెత్తలేదు. సిరాబిళ్ళ జరిపాడు.
ముప్పై ఒక్క ఏళ్ళు మోసింది.
మళ్ళీ మోసేది ఇల్లే, అనుకునేదో ఏమో,
ఆ సంగతి మటుకు నడిచి చూపించలేదు ఎప్పుడూ.

ఆ వేలిముద్ర కోసం వెతికాను.
అది వేరే పుస్తకమట, తడిసిపోయిందట.
ఇందులో ఉన్నది ఆ ఏటి నివేదిక:
"ఇరవై నాలుగిళ్ళలో ఒక్కటీ ఖాళీ పడలేదు.
పథకం జయప్రదం."

పేజీ తిప్పాను.
తర్వాతది వీధిదీపాల కిరసనాయిలు లెక్క.