ఎన్ని చోట్లు గుర్తుంటాయి

ఒంగోలు ట్రంకు రోడ్డులో, అద్దాల బల్ల కింద
నాలుగు పడుకోబెట్టి ఉన్నాయి.
జిలానీ నాలుగింటికీ పేర్లు చెప్పాడు.
నాకు ఒక్కటీ నోరు తిరగలేదు.

"ఫోనూ ఇదే, కంప్యూటరూ ఇదే,
దారి చెప్పేదీ ఇదే అన్నా."
అరచేతిలో పెట్టాడు. పావుకిలోకి తక్కువే.

బోరు లారీ మీద పదిహేడేళ్లు చేసినవాణ్ణి.
ఏ వస్తువైనా కింద పడితే ఏమవుద్దో
ముందు అది చూస్తాను.
జిలానీ చూడనివ్వలేదు.

ఒకదానికి పక్కన సన్నటి పుల్ల.
దానితో పొడిస్తేనే పలుకుద్దంట.
ఆ పుల్ల రాతిపొడిలో పడితే వెతికేదెవరు?
నిగనిగలాడే ఇంకోదాన్ని రోడ్డు మీదికి తీసుకుపోయాను.
మే నెల ఎండ.
తెరలో నా మొహం తప్ప ఏమీ కనపడలేదు.

"పైన ఇరవైనాలుగు చుక్కలున్నాయన్నా, మనిషి చేసినవి.
నాలుగు అందితే చాలు,
నువ్వు యాడున్నావో చెప్పేస్తుంది."

నేను యాడున్నానో నాకు తెలుసు గదా అబ్బయ్యా.
కింద ఏముందో చెబుద్దా?

జిలానీ నవ్వాడు. నేనూ నవ్వాను.
నవ్వే మాటే.
టెంకాయ అరచేతిలో పెట్టుకొని చేలన్నీ తిరిగిన
మాలకొండయ్య కూడా కింద ఏముందో చెప్పాడు.
వెంగమ్మ కందిచేలో టెంకాయ నిటారుగా లేచి నిలబడింది.
మేం తొమ్మిదొందల అడుగులు దించాం.
తెల్లటి దుమ్ము.
అడుగడుక్కీ రేటు పెరిగే దుమ్ము.

లారీ ఆపేశాక ఆమె మాకు మజ్జిగ తెచ్చి పోసింది.
చిక్కగా ఉంది.
కలపడానికి నీళ్లు లేవు గదా.

కేసింగు పైపు పీక్కొని వచ్చేశాం.
దానికీ అడుగు లెక్కుంది.
ఆరున్నర అంగుళాల నోరు అట్టాగే ఉంది.
కంప అడ్డం వేసుకుందేమో,
గోనెపట్టా కప్పిందేమో,
నేను వెనక్కి తిరిగి చూడలేదు.
ఆ రాత్రికే వెలిగండ్లలో ఇంకో పాయింటు.

మొన్న పామూరు అవతల మేకపిల్ల పడింది.
రాత్రంతా అరిచిందంట.
తెల్లారేసరికి మానిందంట.
మేకపిల్లే గదా అన్నారు టీకొట్టు కాడ.
అవును, మేకపిల్లే.
ఈసారికి.
ఆ బోరు ఎవరిదని ఎవరూ నన్ను అడగలేదు.
టీ సగంలో వదిలేసి వచ్చాను.

"పాటలు ఎన్ని పడతాయో అడగవేందన్నా?"
ఎన్ని చోట్లు గుర్తుంటాయి దీనికి?
"అయిదొందలు! అయిదొందల చోట్లు
ఎవడు తిరుగుతాడన్నా?"

బల్ల మీద వేళ్లు మడిచాను.
వెంగమ్మది. యల్లమంద అన్నదమ్ములవి మూడు.
కాశింబీ దిబ్బ చేను,
బడి వెనకాల ఒకటి,
డబ్బులియ్యలేదని మధ్యలో ఆపేసింది ఒకటి.
వేళ్లు అయిపోయినా లెక్క ఆగలేదు.
హనుమంతునిపాడు మండలానికే అయిదొందలు చాలవు.

అప్పుడు తీశాడు, సొరుగు అడుగు నుంచి
సర్వే వాళ్లు వాడి వదిలేసిందాన్ని.
మూలలు అరిగినై, రబ్బరు తొడుగు,
ఫోటో తీయదు, తెర బూడిద రంగు.
ఎండలో పెడితే మాత్రం అక్షరం కనపడింది.
రెండు వేల చోట్లంట.
బ్యాటరీ ఇంకోటి జేబులో ఉంచుకోమన్నాడు.
బేరం ఆడలేదు నేను.
బేరం ఆడనందుకు జిలానీయే అనుమానంగా చూశాడు.

మొదటి గుర్తు పెట్టేటప్పుడు పేరు అడిగింది.
తెలుగు రాదు దానికి.
ఇంగ్లీషు అక్షరాలు ఒక్కోటే వెతికి
వెంగమ్మ అని కొట్టాను, అరగంట పట్టింది.
నేను పెట్టిన పేరు దానికి చాలా పొడుగంట,
చివరి మ మింగేసింది.

సిమెంటు మూతలు కనిగిరిలో పోస్తున్నారు.
ఆటోకి ఆరు పడతాయి.
మూతలు ఎత్తుకొని మళ్లీ పోయినప్పుడు
పది గజాలు అటో ఇటో చూపుద్దంట,
ముందే చెప్పాడు జిలానీ, తర్వాత తిట్టొద్దని.

అన్ని చుక్కలూ కలిసి
నన్ను పది గజాల దాకా తెస్తే చాలు.
మిగతాది, జిల్లేళ్లు పక్కకి నెట్టుకుంటా
కర్రతో తడుముకుంటా
నేను పోతాను.